విచారణకు రమ్మని కంపెనీ లెటర్ ఇచ్చిందా? మీ వెంట ఎవరు రావచ్చు?

వానలు మొహం చాటేస్తే వేరుశనగ చేతికి రాదు. అనంతపురం మెట్టలోని బత్తలపల్లె లాంటి చోట, అలాంటి ఏడాది ఇంట్లో ఒకరికి వచ్చే నెల జీతమే కుటుంబాన్ని నడుపుతుంది. ఆ ఉద్యోగం ఒక్కోసారి ఒక్క మీటింగ్‌తో పోవచ్చు. అందుకే ఆ గదిలోకి వెళ్లే ముందే మీ హక్కులేమిటో తెలుసుకోండి.

ఫిర్యాదు మీదా? ఆరోపణ మీ మీదా?

ముందు ఇది తేల్చుకోండి. జీతం కోత, షిఫ్టు, సెలవు వంటి వాటిపై మీరు అడిగితే అది ఫిర్యాదు. మీరు తప్పు చేశారని యాజమాన్యం అంటే అది క్రమశిక్షణ విచారణ. రెండింటికీ దారులు వేరు.

ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి?

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, 20 మంది లేదా అంతకంటే ఎక్కువ కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం తరఫున ఎంతమంది ఉంటే కార్మికుల తరఫునా అంతమందే ఉండాలి. మొత్తం 10 మందికి మించకూడదు. మహిళలకు తగిన సంఖ్యలో చోటివ్వాలి. సమస్య తలెత్తిన ఏడాదిలోపు దరఖాస్తు చేస్తే, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. న్యాయం జరగలేదనుకుంటే 60 రోజుల్లోపు, మీరు సభ్యులుగా ఉన్న యూనియన్ ద్వారా కార్మిక శాఖ కన్సిలియేషన్ ఆఫీసర్‌ను ఆశ్రయించవచ్చు.

విచారణకు తోడు తీసుకెళ్లవచ్చా?

చాలామంది పొరబడేది ఇక్కడే. బ్రిటన్‌లో 1999 చట్టం ప్రకారం తోటి ఉద్యోగినో, యూనియన్ ప్రతినిధినో వెంట తీసుకెళ్లడం హక్కు. మన దగ్గర ఆ హక్కు అందరికీ దానంతట అదే రాదు. సంస్థ స్టాండింగ్ ఆర్డర్లలో ఉంటేనే వస్తుందని సుప్రీంకోర్టు 1960లో కాళింది కేసులో చెప్పింది, 1992లో క్రెసెంట్ డైస్ కేసులోనూ అదే మాట అంది. అందుకే మీ సంస్థ స్టాండింగ్ ఆర్డర్ల కాపీ అడిగి చదవండి. తోడు కావాలంటే ముందే రాతపూర్వకంగా కోరండి.

లాయర్ సంగతి? యాజమాన్యం తరఫున న్యాయశాస్త్రం తెలిసినవారు వాదిస్తుంటే, ఉద్యోగికీ లాయర్‌ను అనుమతించాలని 1982లో బొంబాయి పోర్టు కేసులో తీర్పు వచ్చింది.

ఏమేం అడగవచ్చు?

ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా ఇవ్వమనండి. జవాబుకు గడువు, సాక్షులను ప్రశ్నించే అవకాశం అడగండి. విచారణ ముగిశాక, శిక్ష ఖరారు చేసే ముందే నివేదిక కాపీ ఇవ్వాలి. దీన్ని తేల్చింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ ఉద్యోగి కేసు. 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన ఆ తీర్పు ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది.

చదవని కాగితంపై, తెలియని భాషలో ఉన్న కాగితంపై సంతకం పెట్టొద్దు. "అందింది" అని మాత్రమే రాసి తేదీ వేయండి. తెల్లకాగితంపై సంతకం అసలే వద్దు.

సస్పెండ్ చేస్తే జీతం?

300 మంది లేదా అంతకంటే ఎక్కువ కార్మికులున్న సంస్థల్లో, విచారణ పెండింగ్‌లో ఉండగా మొదటి 90 రోజులు జీతంలో 50 శాతం ఇవ్వాలి. కార్మికుడి వల్ల కాకుండా ఆలస్యమైతే ఆ తర్వాత 75 శాతం.

తీసేస్తే?

కన్సిలియేషన్ ఆఫీసర్‌కు దరఖాస్తు చేయండి. 45 రోజులు దాటినా తేలకపోతే నేరుగా ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. తొలగించిన తేదీ నుంచి రెండేళ్లు దాటకూడదు.

ఎవరికి వర్తించదు?

మేనేజర్లకూ, నెలకు రూ.18,000 కంటే ఎక్కువ జీతమున్న సూపర్‌వైజర్లకూ ఈ కోడ్ దారి లేదు. వారికి నియామక పత్రంలోని షరతులు, సివిల్ కోర్టే ఆధారం. 20 మంది కంటే తక్కువ ఉన్న చిన్న షాపులో, మగ్గాల షెడ్డులో కమిటీ ఉండదు. అయినా అక్కడ తీసేసిన కార్మికుడు కార్మిక శాఖ గడప తొక్కవచ్చు. నియామక పత్రం, జీతం జమైన బ్యాంకు వివరాలు, ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లు దాచుకోండి. రేపు మీ తరఫున మాట్లాడేవి అవే.