ఆముదం స్థానంలో ఆల్బుమిన్... క్యాన్సర్ మందుకు ప్రోటీన్ వాహనం

మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మెట్ట భూముల్లో ఒకప్పుడు విస్తారంగా పండిన ఆముదానికి, క్యాన్సర్ చికిత్సకు సంబంధం ఉందంటే పలువురికి ఆశ్చర్యం కలుగుతుంది. రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు దశాబ్దాలుగా వాడుతున్న పాక్లిటాక్సెల్ అనే మందును నరానికి ఎక్కించేందుకు వీలుగా కరిగించేది ఆముదం నుంచి తయారైన ద్రావకమే. ఆ ద్రావకంతో వచ్చిపడిన ఇబ్బందులే మందును ప్రోటీన్ రేణువుల్లో పొదిగి శరీరంలోకి పంపే విధానానికి దారితీశాయి. 2005 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన ఈ విధానం మన దేశంలోని ఆస్పత్రులకూ చేరింది. అయితే దీనివల్ల ఒరిగేదేమిటి, ఒరగనిదేమిటి అన్నది రోగుల కుటుంబాలకు తెలియవలసి ఉంది.

చెట్టు బెరడులో పుట్టిన మందు

పాక్లిటాక్సెల్ తొలుత అమెరికా పడమటి తీరంలో పెరిగే పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులో లభించింది. అమెరికా శాస్త్రవేత్త మన్రో వాల్, భారత్‌లో జన్మించిన మన్‌సుఖ్ వాణి దానిని వేరుచేసి, 1971లో దాని నిర్మాణాన్ని ప్రకటించారు. కణం రెండుగా చీలే సమయంలో లోపల సన్నని గొట్టాల వంటి పోగులు ఏర్పడతాయి. పని ముగియగానే అవి విడిపోవాలి. ఈ మందు వాటిని విడిపోనివ్వదు. ఫలితంగా కణం చీలలేక నశిస్తుంది. 1992 డిసెంబరులో అండాశయ క్యాన్సర్ చికిత్సకు దీనికి అనుమతి లభించింది.

చిక్కంతా నీటితోనే వచ్చింది. ఈ మందు నీటిలో కరగదు. అందువల్ల ఆముదాన్ని రసాయనికంగా మార్చి తయారుచేసిన క్రెమోఫార్ అనే ద్రావకానికి ఆల్కహాల్ జోడించి అందులో కరిగించారు. ఒక మిల్లీలీటరులో మందు 6 మిల్లీగ్రాములు కాగా ఆ ద్రావకం 527 మిల్లీగ్రాములు! మోసే బండి బరువు సరుకు బరువుకు 80 రెట్లు మించిందన్నమాట. ఆ ద్రావకం పడక కొందరు రోగులకు దద్దుర్లు, ఆయాసం, రక్తపోటు పడిపోవడం వంటి తీవ్రమైన ప్రతిచర్యలు కలుగుతాయి. అందుకే ముందుగా స్టెరాయిడ్, అలర్జీ నివారణ మందులు ఇచ్చిన తరువాతనే సెలైన్ సీసా తగిలిస్తారు. మూడు వారాలకొకసారి ఇచ్చే పద్ధతిలో అది పూర్తిగా ఎక్కడానికి 3 గంటలు పడుతుంది. మామూలు ప్లాస్టిక్ గొట్టాల్లోని రసాయనాలను సైతం ఈ ద్రావకం కరిగించి లాగుతుంది కనుక ప్రత్యేక గొట్టాలు వాడవలసి వస్తుంది.

రక్తంలోని హమాలీ

దీనికి విరుగుడు మన రక్తంలోనే ఉంది. కాలేయం తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ రక్తంలోని ద్రవభాగంలో అన్నిటికన్నా అధికంగా ఉంటుంది. నీటిలో కరగని కొవ్వు ఆమ్లాలను, పసిరిక వర్ణకమైన బిలిరుబిన్‌ను, పలు రకాల మందులను మోసుకుపోయేది ఇదే. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీతో దీనిని పోల్చవచ్చు. ఈ హమాలీకే పాక్లిటాక్సెల్ మూటనూ అప్పగించాలన్నది పరిశోధకుల ఆలోచన.

దాతల రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్‌ను, మందును కలిపి అధిక పీడనంతో అతి సన్నని సందు గుండా నెడతారు. అప్పుడు సగటున 130 నానోమీటర్ల రేణువులు ఏర్పడతాయి. మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు. ఎర్ర రక్తకణం అడ్డుకొలతతో పోలిస్తే ఈ రేణువు 50 రెట్లకు పైగా చిన్నది. ఒక్కో సీసాలో మందు 100 మిల్లీగ్రాములు, ఆల్బుమిన్ సుమారు 900 మిల్లీగ్రాములు ఉంటాయి. ఆముదపు ద్రావకం లేదు కనుక రొమ్ము క్యాన్సర్‌లో 30 నిమిషాల్లోనే ఎక్కించవచ్చు. అలర్జీ నివారణ మందులు ముందుగా ఇవ్వడం సాధారణంగా అవసరం ఉండదు. అబ్రాక్సేన్ పేరుతో వచ్చిన ఈ మందును హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మా అల్బుపాక్స్ పేరిట దేశీయంగా విపణిలోకి తెచ్చింది.

ఫలితం ఎంత?

వ్యాధి ముదిరిన రొమ్ము క్యాన్సర్ రోగులు 454 మందిపై జరిగి, 2005లో వెలువడిన పరీక్షలో కొత్త విధానం వల్ల 33 శాతం మందికి కణితి తగ్గగా, పాత విధానంలో 19 శాతం మందికే తగ్గింది. కాగా, కొత్త విధానంలో ఇచ్చిన మోతాదే ఎక్కువన్నది గమనార్హం. మేలులో ప్రోటీన్ వంతెంత, మోతాదు వంతెంత అన్నది ఆ అంకెలను బట్టి విడదీయలేము. పైగా అరచేతులు, అరికాళ్ల తిమ్మిర్లు తీవ్రరూపం దాల్చినవారు పాత విధానంలో 2 శాతం ఉండగా, కొత్తదానిలో 10 శాతానికి చేరారు.

క్లోమగ్రంథి క్యాన్సర్‌లో 861 మందిపై జరిగిన మరో పరీక్ష ఫలితాలు 2013లో వెలువడ్డాయి. జెమ్‌సిటాబిన్ ఒక్కటే పొందినవారి మధ్యస్థ జీవితకాలం 6.7 నెలలు కాగా, దానికి ఈ మందు తోడైనప్పుడు 8.5 నెలలకు పెరిగింది. లొంగని వ్యాధిలో ఇది చెప్పుకోదగ్గదే అయినా, నానో అన్న పేరు వినగానే వ్యాధి మాయమవుతుందని భావించడం మాత్రం సరికాదు.

నిజానికి ఈ రేణువు రక్తంలోకి వెళ్లిన కొద్దిసేపటికే విడివడి, మందును మోసే విడి ఆల్బుమిన్‌లుగా మారిపోతుంది. కోరిన చోట, కోరిన వేళ మాత్రమే మూట విప్పే నేర్పు దానికి లేదు. ఆ నేర్పు గల ప్రోటీన్ల కోసమే ప్రస్తుతం పరిశోధనలు సాగుతున్నాయి. రక్తహీనత పరీక్షల చీటీల్లో కనిపించే ఫెరిటిన్ వాటిలో ఒకటి. ఇనుమును దాచే ఈ ప్రోటీన్ 24 ముక్కలతో కూడిన గుండ్రని పంజరం. లోపలి ఖాళీ 8 నానోమీటర్లు. తీవ్రమైన ఆమ్లంలో ముక్కలుగా విడిపోయి, ఆమ్లత తగ్గగానే తిరిగి కూడుకుంటుంది. ఆ మధ్యలో మందును లోపల ఉంచి మూసివేయవచ్చునని ప్రయోగశాలల్లో నిరూపితమైంది.

ప్రకృతిలో లేని పంజరాలను కంప్యూటర్‌పై రూపొందించడం మరో మార్గం. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఇటువంటి కృషికి ఆద్యుడైన డేవిడ్ బేకర్‌కు 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగభాగం దక్కింది. ఆ విశ్వవిద్యాలయంలో రూపొందిన ప్రోటీన్ రేణువు ఆధారంగా తయారైన కొవిడ్ టీకాకు 2022 జూన్‌లో దక్షిణ కొరియా అనుమతినిచ్చింది. అయితే అది టీకా. క్యాన్సర్ మందును మోసే పంజరం కాదు.

నేడు ఆస్పత్రిలో రోగి బంధువులకు ఎదురయ్యే సమస్య వేరు. రెండు మందుల పేర్లలోనూ పాక్లిటాక్సెల్ ఉంటుంది. మోతాదులు మాత్రం ఒకటి కావు. రొమ్ము క్యాన్సర్‌లో మూడు వారాలకొకసారి ఇచ్చేటప్పుడు శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు పాతది 175 మిల్లీగ్రాములు, ప్రోటీన్‌తో కూడినది 260 మిల్లీగ్రాములు. ఒకదాని బదులు మరొకటి వాడరాదని మందుతో వచ్చే పత్రంలోనే హెచ్చరిక ఉంది. చీటీలో రాసినది దొరకలేదనో, ధర తక్కువనో దుకాణంలో మార్చి ఇస్తే, వైద్యునికి చూపనిదే ఎక్కించుకోకూడదు. తెల్ల రక్తకణాల్లోని న్యూట్రోఫిల్స్ ఘనపు మిల్లీమీటరుకు 1,500 కన్నా తక్కువ ఉన్న కణితి రోగులకు ఈ మందు ఇవ్వరు. కనుక ప్రతి విడతకు ముందు రక్తపరీక్ష తప్పనిసరి. చొక్కా గుండీలు పెట్టుకోలేనంతగా వేళ్లు తిమ్మిరెక్కితే తదుపరి విడత దాకా ఆగక వైద్యునికి తెలియజేయాలి. తిమ్మిరి తీవ్రమైతే మందు తాత్కాలికంగా ఆపి, తగ్గాక తక్కువ మోతాదుతో కొనసాగిస్తారు.