బువ్వతో పాటు మాట: బిడ్డకు రెండూ కావాలి

బోయినపల్లి మండలంలోని దంపతులారా!

మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. ఒడిలోని చాట పక్కన పెడితే బీడీల లెక్క తగ్గుతుంది. ఇంత పనిలో బిడ్డ కడుపు నిండితే చాలు, తక్కినవన్నీ బడికి పోయినాక నేర్చుకుంటుందిలే అనుకుంటాం. ఇది సరికాదు. రెండేళ్లు నిండేసరికే బిడ్డ మెదడు పెద్దవారి మెదడులో నూటికి సుమారు 80 వంతుల పరిమాణానికి పెరుగుతుంది. చదువుకు పునాది ఇంట్లోనే పడుతుంది.

ఆ పునాది ఎట్లా గట్టిపడుతుంది? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు మన తెలుగు పల్లెల్లోనే పరీక్షించి చూశారు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 60 గ్రామాల్లో 600 మంది తల్లీబిడ్డలను మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకు మామూలు అంగన్‌వాడీ సేవలే అందాయి. రెండవ జట్టు తల్లులకు ఏ తిండి, ఎంత పెట్టాలో అదనంగా చెప్పారు. మూడవ జట్టుకు దానితో పాటు బిడ్డ ఆకలి గుర్తెరిగి, బలవంతం లేకుండా తినిపించడం, ఆడించడం కూడా నేర్పారు.

ఫలితాలు 2013లో వెలువడ్డాయి. తిండి సంగతి నేర్చుకున్న రెండు జట్లలోనూ పిల్లల ఆహారం మెరుగుపడింది. ఆట కూడా కలిసిన మూడవ జట్టు పిల్లలు బుద్ధి వికాసంలో మొదటి జట్టు పిల్లల కంటే ముందున్నారు.

మీరూ చేయవచ్చు. ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు మెత్తగా మెదిపిన పప్పుబువ్వ, ఉడికిన గుడ్డు పెట్టండి. పెట్టేటప్పుడు మొగం చూసి మాట్లాడండి. బిడ్డ "ఊ" అంటే మీరూ "ఊ" అనండి. మొగం తిప్పుకుంటే ఆగండి. గిన్నె, గరిటె ఇచ్చి ఆడించండి. ఇది తల్లి ఒక్కతే చేసే పని కాదు. మగ్గం దిగి వచ్చిన తండ్రీ చేయాలి. ఆడబిడ్డకైనా, మగబిడ్డకైనా ఒకటే తీరు.

దీనికి పైసలు అక్కరలేదు. తీరిక కావాలి, ఒడి కావాలి. ఒక బిడ్డకు మాటలు రాకముందే మళ్లీ నెల తప్పితే ఆ ఒడి ఎవరికి చాలుతుంది? తల్లి ఒంట్లో సత్తువ తిరిగి రావద్దా? అందుకే కాన్పు అయినాక మరో గర్భానికి కనీసం రెండేళ్లు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

కాపర్-టి, నిరోధ్, అంతర సూది, ఛాయ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. మీకేది తగునో ఆలుమగలిద్దరూ వచ్చి అడగండి. నిర్ణయం మీదే.

బిడ్డకూ బిడ్డకూ ఎడం ఉంచండి. ఒక్కో బిడ్డకూ ఒడి నిండా కాలం ఇవ్వండి!