హెచ్.ఐ.వి. – శరీర రక్షణ

1981వ సంవత్సరమున అమెరికాలోని లాస్ ఏంజలిస్ నగరములో అయిదుగురు యువకులకు ఒక అరుదైన న్యుమోనియా సోకెను. దానిని కలిగించు సూక్ష్మజీవి శిలీంధ్రజాతికి చెందినది. ఆరోగ్యవంతులను సామాన్యముగా అది బాధింపదు. కావున అసలు లోపము ఊపిరితిత్తులలో గాక శరీరపు రక్షణశక్తిలోనే ఉన్నదని వైద్యులు శంకించిరి. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థకు చెందిన ఫ్రాన్స్వాజ్ బారె-సినూసి, లుక్ మోంటానియే అను శాస్త్రజ్ఞులు అందుకు కారణమైన వైరసును కనుగొనిరి. నేడు హెచ్.ఐ.వి. అనబడునది అదియే.

రక్తములోని తెల్లకణములలో సి.డి.4 కణములను తెగ యొకటి కలదు. ఇవి రోగక్రిములను స్వయముగా చంపుట కంటె, ఇతర కణములచేత చంపించుటయే ఎక్కువ. ప్రతిరక్షకములను తయారుచేయించుట, భక్షకకణములను పురికొల్పుట వీని పనులు. ఆరోగ్యవంతుని రక్తములో ఒక ఘన మిల్లీమీటరునకు ఇవి సుమారు 500 మొదలు 1500 వరకు ఉండును. హెచ్.ఐ.వి. పట్టుకొనునది సరిగా వీనినే.

పట్టుకొని ఏమి చేయును? సామాన్యముగా జీవకణములో డి.ఎన్.ఏ. నుండి ఆర్.ఎన్.ఏ. తయారగును. హెచ్.ఐ.వి.లో ఉన్నది ఆర్.ఎన్.ఏ. మాత్రమే, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేసు అను ఎంజైము సాయముతో అది తలక్రిందుగా డి.ఎన్.ఏ.ను తయారుచేసి, కణము యొక్క క్రోమోసోములో అతికించును. అంతటితో ఆ కణము కొత్త వైరసులను తయారుచేయు కర్మాగారమై, తుదకు నశించును. కొన్ని కణములలో మాత్రము వైరసు ఏ అలికిడియు లేక ఏండ్లతరబడి నిద్రించును. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడన్న సామెత దీనికి చక్కగా సరిపోవును.

చికిత్స లేనిచో, పైకి ఏ బాధయు కనిపింపకయే ఏండ్లు గడచును, లోపల సి.డి.4 కణముల సంఖ్య తరుగుచుండును. అది 200 కంటె తగ్గిన స్థితిని ఎయిడ్స్ అందురు. అప్పుడు క్షయ మొదలగు రోగములు విజృంభించును.

దోమకాటుచే ఇది సోకదా యని విద్యార్థులు తరచుగా అడుగుదురు. సోకదు. దోమ మనలోనికి విడుచునది తన లాలాజలమునే గాని తాను పీల్చిన రక్తమును గాదు. వైరసు దోమ కడుపులో జీర్ణమైపోవును. ఒకే బల్లపై కూర్చుండుట, కలసి భుజించుట వలనను సోకదు.

1987లో వాడుకకు వచ్చిన మొదటి మందు జిడోవుడిన్. డి.ఎన్.ఏ. గొలుసు అల్లబడునపుడు ఇది నకిలీ లంకెవలె అందులో చేరును, తరువాతి లంకె దానికి తగులుకొనదు, అల్లిక ఆగిపోవును. అయితే వైరసు ఎంజైము నకలు వ్రాయుటలో తప్పులు మిక్కిలిగా చేయును. ఆ తప్పులలో ఏదో యొకటి మందునకు లొంగని వైరసును పుట్టించును. అందుచే ఒంటి మందు కొంతకాలమునకే విఫలమగుచుండెను. 1996 ప్రాంతమున మూడు మందులను కలిపి యిచ్చుట మొదలయ్యెను. ఒకదానిని తప్పించుకొన్న వైరసు మరియొకదానికి చిక్కును. నేడు విరివిగా వాడబడు టెనోఫోవిర్, లామివుడిన్ నకలు వ్రాతను ఆపగా, డోలుటెగ్రవిర్ క్రోమోసోములో అతుకుటను అడ్డగించును. మూడును కలిసి దినమునకు ఒకే మాత్ర. మనదేశమున 2004 నుండి ప్రభుత్వ కేంద్రములలో ఈ చికిత్స ఉచితము.

మందు క్రమముగా వాడినచో రక్తములోని వైరసు పరీక్షకు అందనంతగా తగ్గును, సి.డి.4 కణములు తిరిగి పెరుగును. వైరసు అట్లు అణగియున్నంతకాలము లైంగిక సంపర్కము ద్వారా ఇతరులకు సోకదని పరిశోధనలు నిరూపించినవి. గర్భిణులు మందు వాడినచో శిశువునకు సోకు ప్రమాదము మిక్కిలి తగ్గును. కాని నిద్రాణకణములలోని వైరసును ఈ మందులు తాకలేవు. ఒడలు కుదుటపడినదని మాత్ర మానినచో, అది మేల్కొని కొద్ది వారములలోనే రక్తమున మరల కనిపించును.