త్వరగా చేరు దారి ఏది?

ఉదయము తొమ్మిది గంటల వేళ హైదరాబాదు నగరములో ఏ కూడలియందు నిలిచి చూచినను, వేలకొలది మనుష్యులు మనస్సులో ఒకే లెక్క వేసికొనుచు సాగిపోవుచుందురు. ఏ దారిన పోయినచో పనిచోటికి త్వరగా చేరవచ్చు ననునదే ఆ లెక్క. బడి గంట కొట్టకముందే హాజరుపట్టికలో చేవ్రాలు చేయవలసిన ఉపాధ్యాయునకును, ఆలస్యమైనచో కూలిలో కోతపడు కార్మికునకును, నాలుగిండ్లలో పని చేసికొని బ్రతుకు స్త్రీకిని ఇది కాలక్షేపపు ప్రశ్న కాదు. పోవుట కొక గంట, వచ్చుట కొక గంట చొప్పున ఏటికి 300 దినములు తిరుగువాడు 600 గంటలు, అనగా 25 పగళ్లును 25 రాత్రులును దారిలోనే గడుపుచున్నాడు. ఇంతటి ఆయుర్భాగమునకు సంబంధించిన లెక్కను కొంత శ్రద్ధగా చేయవలదా?

ఈ లెక్కలో సాధారణముగా జరుగు మొదటి పొరపాటు, బండి వేగమునే ప్రయాణవేగ మనుకొనుట. హైదరాబాదు మెట్రో 2017 నవంబరు 28న మియాపూరు, నాగోలుల మధ్య ప్రారంభమైనది. ఇప్పుడది మూడు మార్గములలో సుమారు 69 కిలోమీటర్లు వ్యాపించియున్నది. దాని గరిష్ఠవేగము గంటకు 80 కిలోమీటర్లు. కాని స్టేషనులలో ఆగు కాలమును కలిపి చూచినచో సగటు వేగము 35 కిలోమీటర్ల ప్రాంతమున ఉండును. అయినను ఎల్.బి. నగరునుండి మియాపూరువరకుగల సుమారు 29 కిలోమీటర్లను గంటలోపుననే దాటించు వాహనము సామాన్యునకు మరొకటి లేదు. ఇల్లును పనిచోటును స్టేషనుల చెంతనే ఉన్నవాని అదృష్టము గొప్పది.

అదే మనిషి ఇల్లు వనస్థలిపురములోను, పనిచోటు గచ్చిబౌలి లోపలి వీధిలోను ఉన్నదనుకొందము. షేర్ ఆటోలో స్టేషను చేరవలెను. మెట్లెక్కి, తనిఖీ ముగించుకొని రైలెక్కవలెను. అమీరుపేటలో రైలు మారవలెను. రాయదుర్గములో దిగి మరొక బండిని వెదకికొనవలెను. ప్రయాణము రైలు కదలినపుడు కాక, ఇంటి తలుపు మూసినపుడే మొదలగును. నడక, నిరీక్షణ, మార్పిడి అను మూడింటిని కూడికలో చేర్చనివాని లెక్క తప్పును. కావుననే ఐదారు కిలోమీటర్ల దూరమునకు, ఇంటి ముందునుండి తిన్నగా పోవు సిటీ బస్సు ఒక్కొక్కప్పుడు మెట్రోను మించిపోవును.

నిరీక్షణ విషయమున బడిపిల్లలుకూడ చేయదగిన చక్కని లెక్క యొకటి కలదు. పది నిమిషముల కొక బస్సు క్రమముగా వచ్చుచున్నచో, వేళ చూచుకొనక వచ్చినవాడు సగటున ఐదు నిమిషములు నిలువవలెను. కాని ఒక బస్సు 18 నిమిషములకును, దాని వెన్నంటి మరొకటి 2 నిమిషములకును వచ్చినదనుకొనుడు. ఇరువది నిమిషములలో రెండు బస్సులు వచ్చినవి. సగటు ఎడము ఇప్పుడును పదియే. అయితే నిమిషమున కొక్కడు చొప్పున వచ్చిన ఇరువదిమందిలో 18 మంది పెద్ద ఎడములోనే చిక్కుకొని, తలకు 9 నిమిషములు నిలుతురు. తక్కిన ఇద్దరు తలకొక నిమిషము నిలుతురు. మొత్తము 164 నిమిషములు, సగటున 8.2 నిమిషములు. బస్సుల సంఖ్య తగ్గకయే, క్రమము తప్పినందున నిరీక్షణ ఇంత పెరిగినది. బస్సు లెప్పుడును మనము వచ్చినపుడే ఆలస్యమగు నను సామాన్యుని మొర ఉత్త భ్రమ కాదు.

రెండవ పొరపాటు సగటును నమ్ముట. ఒక దారిన ప్రతిదినము 40 నిమిషములు పట్టును. వేరొక దారిన నాలుగు దినములు 30 నిమిషములే పట్టి, ఐదవ దినమున 60 పట్టును. రెండవదాని సగటు 36 మాత్రమే. కాని ఆ ఐదవ దినమేదో ముందుగా తెలియదు. గంట తప్పరాని ఉపాధ్యాయుడు ఆ దారి నెన్నుకొన్నచో, ప్రతిదినమును గంట ముందుగనే ఇల్లు వదలవలెను. అతనికి 40 నిమిషముల దారియే త్వరితమైనది. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలను సామెత ఇట్టి చోట్ల గణితమే.

దారి వెదకు విద్యలో 1956 ముఖ్యమైన సంవత్సరము. ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఆమ్‌స్టర్‌డాములో ఒక కాఫీ హోటలులో కూర్చుండి, కాగితము కలము లేకుండ, ఇరువది నిమిషములలో ఒక పద్ధతి నూహించి 1959లో ప్రకటించెను. బయలుదేరిన చోటినుండి అతిత్వరగా చేరగల కూడలిని స్థిరపరచుకొని, అచ్చటినుండి పొరుగు కూడళ్లకు పట్టు కాలమును కూడుచు, మిగిలినవానిలో మరల అతి తక్కువదాని నెన్నుకొనుచు గమ్యము చేరువరకు సాగుటయే ఆ పద్ధతి. నేడు సెల్‌ఫోనులో దారి చూపు పటములు ఇట్టి పద్ధతులను మెరుగుపరచి వాడుకొనుచున్నవి.

అయితే ఆ సలహా ఒక్కని కొఱకు చేసిన లెక్క. దానిని పాటించువారు వేలమంది. ఆంగ్ల ఆర్థికవేత్త ఆర్థర్ పిగూ 1920లో రెండు దారుల దృష్టాంతముతో చెప్పిన భావమును మన అంకెలలో చెప్పుకొందము. పెద్ద రోడ్డున ఎంతమంది పోయినను 60 నిమిషములు పట్టును. దగ్గర సందులో ఎందరు ప్రవేశించిన అన్ని నిమిషములు పట్టును. పోవలసినవారు 60 మంది. ముప్పదిమంది చొప్పున పంచుకొన్నచో, సందున పోవువారు 30 నిమిషములలో చేరుదురు. కాని మరునాడు పెద్ద రోడ్డువాడొకడు సందున దూరి 31 నిమిషములలో చేరును. వానిని చూచి వేరొకడు దూరును. తుదకు 60 మందియు సందులోనే చేరి, 60 నిమిషములును పట్టించుకొందురు. ఎవ్వరికిని నష్టము లేకుండ ముప్పదిమంది పొందుచుండిన లాభము మాయమైనది. కొత్త దారి యొకటి చేర్చినందున అందరి ప్రయాణమును ఆలస్యము కావచ్చునని జర్మను గణితజ్ఞుడు డీట్రిష్ బ్రెస్ 1968లో నిరూపించెను.

దీనినిబట్టి ఒక సంగతి తేలుచున్నది. యాభైమంది ఒక బస్సులో ఒదిగి నిలిచిపోవుట చేతనే, ఆ ప్రక్కన స్కూటరుకును కారుకును కొంత చోటు దక్కుచున్నది. అనగా త్వరగా పోవువాని వేగములో కొంతభాగము, నిదానముగా పోవువా రిచ్చిన అప్పు. నిజాం రైల్వేవారు 1932లో 27 బస్సులతో ప్రారంభించిన ప్రజారవాణా ఈనాటికిని ఆ ఋణమును మోయుచున్నది. తెలంగాణమున 2023 డిసెంబరు 9నుండి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పింపబడుటతో, పనికి పోవు స్త్రీ రెండవ టిక్కెట్టుకు వెఱవక బస్సు మారి త్వరిత మార్గము నెన్నుకొనుటకు వీలు కలిగినది. కాని టిక్కెట్టు లేకుండుట ఎంత అవసరమో, బస్సులు చాలినన్ని ఉండి వేళకు వచ్చుటయు నంత అవసరము.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చక్కని అభ్యాసముగా చేయింపవచ్చును. విద్యార్థులు తమ యింటిలో పనికి పోవువా రొకరి ప్రయాణమును వారము దినములు వ్రాసికొనవలెను: ఇల్లు వదలిన వేళ, నడక, నిరీక్షణ, బండిలో గడచిన కాలము, మార్పిడి, చేరిన వేళ. సగటుతోపాటు మిక్కిలి ఆలస్యమైన దినమునుకూడ గుర్తింపవలెను. పిదప ఆ నిమిషములను రెండు వరుసలుగా విడదీయవలెను. కొన్ని, దారి మార్చుకొనియు పది నిమిషములు ముందు బయలుదేరియు మనము మిగుల్చుకొనగలవి. మరికొన్ని, మన తెలివి ఎంత వాడినను మిగులక, నగరమే మనకు మిగిల్చి ఇయ్యవలసినవి. మొదటి వరుస మన వివేకమునకు పాఠము. రెండవ వరుస పౌరులుగా మనము అడుగవలసినవాని పట్టిక.