పెట్టెలో తుడుము

అరకులోయ గ్రామాలలో పండుగ వచ్చినా, పెండ్లి జరిగినా థింసా ఉండవలసిందే. పదిహేను ఇరవైమంది స్త్రీలు చేతులు పెనవేసుకొని వరుసకట్టి ఆడుతుంటారు. తుడుము, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు వారి అడుగుకు ఊపునిస్తాయి.

ఆ మధ్య అక్కడొక పెండ్లికి వెళ్లాను. వాద్యగాండ్ర ప్రక్కన బల్లమీద ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డు కనిపించింది. వాయిస్తున్నది మా కాలేజీలో చదివిన కుర్రవాడే. ఒక మెట్టు నొక్కితే తుడుము మ్రోగింది! నేను తెల్లబోయి చూస్తుంటే, “మా తాత దెబ్బే మాస్టారూ! నిరుడు ఇందులోకి ఎక్కించాను” అన్నాడు.

ఇటువంటి పెట్టెను వర్క్‌స్టేషన్ అంటారు. పైకి హార్మోనియం వలెనే తెల్లమెట్లు, నల్లమెట్లు. లోపల రకరకాల వాద్యాల ధ్వనులు అంకెల రూపంలో దాగి ఉంటాయి. వాయించినదంతా గుర్తుంచుకొని, ఒక వరుసపై మరొక వరుస పేర్చి వినిపిస్తుంది. ప్రతిధ్వని వంటి మెరుగులూ అదే దిద్దుతుంది. జపానుకు చెందిన కోర్గ్ కంపెనీ 1988లో తెచ్చిన ఎం1 ఈ పనులన్నిటినీ ఒకచోట కూర్చి పేరు తెచ్చుకొన్నది. తరువాత వచ్చిన కొన్ని రకాలలో మనకు కావలసిన ధ్వనిని మనమే ఎక్కించుకోవచ్చు. ప్రక్కనున్న చిన్న చక్రం త్రిప్పితే స్వరం జారుతుంది కూడా.

పరాయిదేశపు పెట్టె గదా అని ముఖం చిట్లించనక్కరలేదు. హార్మోనియమూ అలా వచ్చినదే. గమకం పలకదంటూ 1940లో ఆలిండియా రేడియో దానిని వెలివేసింది. 1971లో గాని తలుపు కొంచెం తెరవలేదు. అయినా మన పద్యనాటకానికి శ్రుతి పట్టింది ఆ పెట్టే!

కాని ఆ రాత్రి ఒక చిక్కు వచ్చిపడింది. కీబోర్డు తాళం గడియారం వలె ఒకే నడకలో సాగుతున్నది. ఆడేవారికి హుషారెక్కి అడుగు వడివడిగా పడుతున్నది. కుర్రవాడు వేగం సరిచేసేలోగా వరుస చెదిరింది. అప్పుడు తాత లేచి తుడుము అందుకొన్నాడు. ఆయన చూపంతా ఆడవాళ్ల పాదాలమీదనే ఉన్నది. నాలుగు దెబ్బలలో వరుస మళ్లీ కుదిరింది.

భోజనాల దగ్గర తాత నన్నడిగాడు: “నా దెబ్బ పెట్టెలో ఉన్నది గదా బాబూ! రేపు పెండ్లివారు పెట్టెనే పిలిస్తే నాకు కూలి ఎవరిస్తారు?”

మనుమడు సిగ్గుపడి, వచ్చినదాంట్లో సగం తాతదేనన్నాడు. సొంత మనుమడు గనుక తగవు ఇంటిలోనే తీరింది. పట్నంనుంచి ఎవరో వచ్చి ఆ ధ్వనిని ఎక్కించుకొని పోతే? అది ఎవరి చేతి దెబ్బో పేరు వ్రాసి ఉంచాలి, ఆ చేతికి వాటా ముట్టాలి. తాత అడిగినదానికి అంతకంటె తగిన సమాధానం నాకు తోచలేదు.