ఆట సామగ్రికి అంటిన దురద: ఏ మొక్కకు ఏ శుభ్రత?

సిక్సర్ కొట్టిన బంతి మైదానం దాటి పొదల్లో పడుతుంది. దాన్ని వెతికి తెచ్చిన కుర్రాడికి చేతుల మీద దద్దుర్లు వస్తాయి. కొన్నాళ్లకు తగ్గుతాయి. అయితే మరోసారి కిట్ బ్యాగు తెరిచి ఆడిన తర్వాత అవే దద్దుర్లు తిరిగి కనిపించవచ్చు. ఈసారి అతను పొదల జోలికే వెళ్లలేదు. దురద కలిగించే పదార్థం గ్లవ్స్‌, బ్యాట్ పిడి, బ్యాగు జిప్పుల మీద అలాగే ఉండిపోవడమే దీనికి కారణం. చాలామంది చర్మాన్ని కడుక్కుంటారు కానీ సామగ్రిని కడగడం మరచిపోతారు.

అన్ని మొక్కలూ ఒకే రకంగా దురద పుట్టించవు. కొన్నింటిలో నూగు, కొన్నింటిలో నూనె లాంటి సొన, మరికొన్నింటిలో అలర్జీ కలిగించే ధూళి ఇందుకు కారణం. ఏది అంటిందో తెలిస్తే శుభ్రం చేసే పద్ధతి తేలిగ్గా తేలుతుంది.

నూగు: రుద్దితే ముప్పే

దూలగొండి కాయల మీద బంగారు గోధుమ రంగులో సన్నని నూగు ఉంటుంది. ఇందులోని మ్యూకునైన్ అనే ఎంజైమ్ చర్మంలోని ప్రత్యేక గ్రాహకాలను ప్రేరేపిస్తుందని 2008లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. ఈ దురద ప్రధానంగా హిస్టమిన్ వల్ల పుట్టేది కాదు. అందుకే మామూలు అలర్జీ మాత్రలతో అంతగా ఉపశమనం దొరకదు.

ఈ నూగు అంటిన జెర్సీని దులిపితే అది గాలిలోకి లేస్తుంది. రుద్దితే బట్టలోకి, చర్మంలోకి మరింత దిగుతుంది. ముందు నీళ్లు చిలకరించి తడపాలి. బ్యాగులు, ప్యాడ్ల వంటి వాటి మీద నూగును పొడిగా ఉన్నప్పుడే అంటుకునే టేపుతో అద్ది తీయాలి. వేడికి మ్యూకునైన్ పనిచేయడం మానేస్తుంది. కాబట్టి తట్టుకోగల బట్టలను వేడినీళ్లు, సబ్బుతో విడిగా ఉతకాలి. హిమాలయ ట్రెక్కింగ్ దారుల్లో కనిపించే బిచ్చు బూటి ముళ్లవంటి నూగు కూడా సూదిలా గుచ్చుకుంటుంది. దానికీ టేపు, సబ్బునీళ్ల పద్ధతే సరిపోతుంది.

నూనె: నీళ్లకు లొంగదు

నల్లజీడి సొనతో రజకులు ఒకప్పుడు బట్టలకు గుర్తులు వేసేవారు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గుర్తు పోదు. ఈ సొనలో ఉరుషియాల్ తరహా నూనె పదార్థాలు ఉంటాయి. అమెరికాలో ట్రెక్కింగ్‌కు వెళ్లే తెలుగువారికి ఎదురయ్యే పాయిజన్ ఐవీలోనూ ఉండేది ఉరుషియాలే. ఇది తగిలిన వెంటనే కాక, సాధారణంగా ఒకటి రెండు రోజుల తర్వాత బొబ్బలు వస్తాయి. అందుకే ఎక్కడ అంటిందో చాలామందికి గుర్తుండదు. శుభ్రం చేయని వస్తువు మీద ఇది నెలల తరబడి ప్రభావం చూపగలదు.

ఉత్త నీళ్లతో తుడిస్తే నూనె పోదు సరికదా, మిగతా చోట్లకూ పాకుతుంది. బట్టలను డిటర్జెంట్‌తో ఉతకాలి. బ్యాట్ పిడి, ట్రెక్కింగ్ కర్ర వంటి గట్టి వస్తువులను సర్జికల్ స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయాలి. రబ్బరు గ్రిప్‌ను మార్చేయడం మేలు. పలుచని రబ్బరు గ్లవ్స్ గుండా ఈ నూనె చొరబడుతుంది కాబట్టి మందపాటి వినైల్ గ్లవ్స్ వాడాలి.

ధూళి: ఎండినా వదలదు

వయ్యారిభామ మనదేశంలో 1955లో పుణేలో కనిపించి, క్రమంగా దేశమంతా వ్యాపించింది. ఇందులోని పార్థెనిన్ వల్ల చర్మ అలర్జీ వస్తుంది. మొక్క ఎండి పొడిగా మారినా దాని ముక్కలు గాలిలో ఎగిరి ముఖం, కనురెప్పలు, మెడ మీద పడతాయి. ఒకసారి ఈ అలర్జీ ఏర్పడితే తర్వాత కొద్దిపాటి తాకిడికే తిరగబెడుతుంది. సామగ్రిని చీపురుతో దులపకుండా, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవాలి. ఉతికిన జెర్సీలను మైదానం పక్క పొదల మీద ఆరవేయకూడదు.

తోలు వస్తువుల సంగతి

తోలు బంతి, గ్లవ్స్, బూట్లను నానబెడితే పాడవుతాయి. కొద్దిగా సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి, నీడలో ఆరబెట్టాలి. లేసులు, పట్టీలు, వెల్క్రో, జిప్పులను విడిగా చూసుకోవాలి. కడగని వస్తువులను కడిగిన వాటితో కలిపి బ్యాగులో వేయకూడదు. పని పూర్తయ్యాక చేతులు, మోచేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మైదానం చుట్టూ ఉన్న ఈ మొక్కలను తగలబెట్టడం మరో పొరపాటు. ముఖ్యంగా నల్లజీడి వంటి మొక్కల పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని వేళ్లతో సహా పీకేయాలి. కళ్లలో నూగు పడినా, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.