ఆరాక, కాలాక ఎంత మిగులుతుంది?

ఎండాకాలంలో గోనెగండ్ల నుంచి ఎమ్మిగనూరు వైపు బస్సులో వెళ్తుంటే నల్లరేగడి చేలు నెర్రెలిచ్చి కనిపిస్తాయి. నీరు పోతే బంకమన్ను ముడుచుకుంటుంది. అన్ని వైపులా ఒకేలా ముడుచుకోలేకపోతే పగులుతుంది. ఇటుకలు కోసేవాళ్లకు ఇది బాగా తెలుసు. అందుకే మట్టిలో ఇసుక కలుపుతారు, అచ్చును కావలసిన కొలత కన్నా కాస్త పెద్దగా చేయిస్తారు. నానో స్థాయి 3డి ప్రింటింగ్‌లో సైంటిస్టుల తలనొప్పి కూడా ఇదే!

ముందు ప్రింటింగ్ సంగతి చూద్దాం. ద్రవ రెసిన్ లోపల లేజర్‌ను ఒక్క బిందువు మీదికి కేంద్రీకరిస్తారు. అణువు ఒకేసారి రెండు ఫోటాన్లను పీల్చుకుంటేనే రెసిన్ గట్టిపడుతుంది. కాంతి బాగా చిక్కగా ఉన్న ఆ బిందువు దగ్గరే అది జరుగుతుంది కాబట్టి గీత చాలా సన్నగా వస్తుంది. 2001లో జపాన్‌లో ఇలాగే 10 మైక్రాన్ల పొడవున్న ఎద్దు బొమ్మ చేశారు. మన తలవెంట్రుక మందం దాదాపు 80 మైక్రాన్లు!

అయితే ఆ ఎద్దు ప్లాస్టిక్‌దే. పెద్ద వేడికి తట్టుకోదు, దానిలో కరెంటు పారదు. లోహమో గాజో కావాలంటే సిరాయే మారాలి. లోహపు పొడి కలిపితే సరిపోదా? రేణువులు కాంతిని చెదరగొడతాయి, సన్నటి గీత రాదు. అందుకే 2018లో కాల్‌టెక్‌లోని జూలియా గ్రీర్ బృందం నికెల్‌ను పొడిగా కలపకుండా రెసిన్ అణువులకే కట్టేసింది. ప్రింట్ చేశాక 1000 డిగ్రీల దాకా మెల్లగా వేడిచేస్తే ఆర్గానిక్ భాగం ఆవిరైపోయి నికెల్ మిగిలింది. కానీ కొలతలు 80 శాతం తగ్గాయి. లెక్క వేయండి: 0.2 × 0.2 × 0.2 = 0.008. అంటే ఘనపరిమాణం 125వ వంతుకు పడిపోయింది! అయినా ఆకారం చెడలేదు, అదే గొప్ప.

2023లో యెన్స్ బావర్ బృందం గాజుకు మరో దారి చూపింది. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ముందే పంజరంలా అల్లుకుని ఉన్న అణువులతో రెసిన్ చేశారు. గాజు ఎముకలు ముందే ఉన్నాయి కాబట్టి 650 డిగ్రీలు చాలాయి. సిలికా రేణువులను కాల్చి అతికించే పద్ధతికైతే 1100 డిగ్రీలైనా కావాలి.

రెండు కథల్లోనూ అసలు ప్రశ్న ఒక్కటే: పోసిన సిరాలో చివరిదాకా నిలిచేది ఎంత? ఇటుక మట్టిలో ఇసుక చేసే పని ఇక్కడ ఇనార్గానిక్ భాగం చేయాలి. అది ఎక్కువైతే రెసిన్ సరిగా గట్టిపడదు, తక్కువైతే వస్తువు కుంచించుకుపోయి పగులుతుంది. ఎంత మంచి లేజర్ కొన్నా ఈ పాళ్లు అది చెప్పదు. కెమికల్, మెటలర్జీ మిత్రులారా, ఇక్కడే మీతో పని!